గుహలోకి వెళ్లాల్సిన మెషిన్‌ని గుంటూరులో పరీక్షించాం

ఆపరేషన్ థియేటర్లలో మత్తు మెషిన్లు సర్వీసు చేయడం నా వృత్తి. గుంటూరు కొత్తపేటలో అడుగడుగునా హాస్పిటలే కాబట్టి పనికి కొదవ లేదు. తెనాలి, నరసరావుపేట వైపు కూడా వెళ్తుంటాను. మెషిన్ ఏ కంపెనీదైనా, ఎంత కొత్త మోడలైనా థియేటర్లో మాత్రం అందరూ దాన్ని 'బాయిల్స్' అనే పిలుస్తారు. ఈతకీ నాకూ సంబంధం లేదు. చెరువు గట్టు మీద నిలబడి చూసే రకం నేను. కానీ ఫ్లోరిడాలో ఉండే మా బాబాయి కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాలు వస్తే నీళ్లు నిండిన గుహల్లోకి డైవింగుకి వెళ్తాడు. పోయిన సంక్రాంతికి బ్రాడీపేటలో ఇంటికొచ్చినప్పుడు సూట్‌కేసులో సగం చోటు ఒక మెషిన్‌కే ఇచ్చాడు.

అది రీబ్రీదర్, అంటే వదిలిన ఊపిరినే శుభ్రం చేసి నీళ్లలో మళ్లీ పీల్చుకునేలా చేసే పరికరం. షాపులో కొన్నది కాదు. వాడితో పాటు డైవింగ్ చేసే స్నేహితుడు సొంతంగా డిజైన్ చేసి, కొన్ని భాగాలు త్రీడీ ప్రింటర్‌లో తీసి, మిగతావి పాత మెషిన్ల నుంచి సంపాదించి కలిపాడట. వీపు మీద కాకుండా చంక కింద, పక్కటెముకల వెంట అమరేలా చేశాడు. ఇరుకు దారుల్లో వీపు మీద బరువుంటే పైరాయికి తగులుతుంది కాబట్టి ఆ ఏర్పాటు. గుహలో చాలా దూరం వెళ్లాక అసలు పరికరం మొరాయిస్తే, బయటికి రావడానికి ఇది స్పేర్‌గా ఉండాలని వాళ్ల ఆలోచన.

"అన్నయ్యా, నువ్వొకసారి చూసి ఓకే అంటే నాకు ధైర్యం," అన్నాడు.

"ఇప్పటిదాకా ఎవరైనా వాడారా?"

"పూల్‌లో నేనే వాడా. ముప్పావుగంట. చాలా కంఫర్టబుల్‌గా ఉంది. నెక్స్ట్ గుహలోకే."

ఆ కంఫర్టబుల్ అన్న మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. ఊపిరి మెషిన్ల విషయంలో మనిషికి బాగా అనిపించడం అసలు రీడింగే కాదు. ఆక్సిజన్ తగ్గిపోతున్నప్పుడు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటే, మనిషికి ఊపిరాడనట్టు ఏమీ అనిపించదు. హాయిగానే ఉంటుంది, ఆ హాయిలోనే స్పృహ పోతుంది. అందుకే థియేటర్లో పేషెంట్‌ని 'ఎలా ఉంది?' అని అడగం, స్క్రీన్ చూస్తాం.

మా పిన్నికి గుహ అంటే ఉండవల్లి. లేదా విజయవాడలో మొగల్రాజపురం. పిల్లలతో వెళ్లి, ఫొటోలు తీసుకుని, పుచ్చకాయ ముక్కలు తిని వచ్చే చోటు. "అందులో నీళ్లెక్కడివిరా?" అని అడిగింది. బాబాయికి మాత్రం 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకొచ్చి ఇరుక్కోవడం, డైవర్లు నీళ్లలో దిగి వాటిని కోయడం టీవీలో చూసిన జ్ఞాపకం ఉంది. "అలాంటిదే కదా?" అన్నాడు. కాదు. నదిలో దిగినవాడికి తల మీద ఉన్నది నీళ్లే. ఇబ్బందైతే పైకి తేలొచ్చు, గట్టు మీద తాడు పట్టుకున్న మనిషి ఉంటాడు. గుహలో తల మీద రాయి. పైకి వెళ్లడానికి వీల్లేదు, వచ్చిన దారినే వెనక్కి ఈదాలి. దిబ్బ మీద కాలు తగిలి మెత్తటి ఒండ్రు లేచిందంటే చేతిలో లైటున్నా ఏమీ కనపడదు. అప్పుడు లోపలికి వెళ్తూ పరుచుకుంటూ వెళ్లిన తాడే దారి.

ఫ్లోరిడా ఉత్తర భాగంలో జిన్నీ స్ప్రింగ్స్, పీకాక్ స్ప్రింగ్స్ లాంటి చోట్ల సున్నపురాతి కింద ఇలాంటి దారులు కిలోమీటర్ల కొద్దీ ఉన్నాయి. నీళ్లు అద్దంలా కనిపిస్తాయి కాబట్టి గుహలకి పనికిరాని మామూలు 'ఓపెన్ వాటర్' లైసెన్సు ఒక్కటే ఉన్నవాళ్లు కూడా 'కాస్త లోపలికి' అని వెళ్లి చనిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. షెక్ ఎక్స్‌లీ అనే గుహ డైవర్ ఆ ప్రమాదాలన్నిటినీ ఒకచోట చేర్చి విశ్లేషించి 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులోని నియమాలు ఇవి. బయటిదాకా తెగని తాడు ఉండాలి. గ్యాస్‌లో మూడో వంతే లోపలికి వెళ్లడానికి వాడాలి, మిగతా రెండు వంతులు తిరుగు ప్రయాణానికీ ఆపదకీ ఉంచాలి. హద్దు మించిన లోతుకి పోకూడదు. ట్రైనింగ్, మూడు లైట్లు కూడా ఇప్పుడు అదే వరసలో చెబుతారు. మా వాడు ఇవన్నీ నిద్రలో లేపినా అప్పజెబుతాడు. వాడు అజాగ్రత్త మనిషి కాదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అన్ని నియమాలూ పాటించేవాడు, పరికరం దగ్గరికి వచ్చేసరికి స్నేహితుడి మీద నమ్మకంతో సరిపెట్టుకున్నాడు.

మెషిన్‌ని మా షెడ్‌లో టేబుల్ మీద విప్పాక నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే అది మా బాయిల్సే. సిలిండర్ గాలి పీల్చే మామూలు స్కూబాలో వదిలిన ఊపిరంతా బుడగలుగా పోతుంది. 30 మీటర్ల లోతులో ఉపరితలం మీద కంటే నాలుగు రెట్లు గ్యాస్ అలా వృథా అవుతుంది. రీబ్రీదర్ దాన్ని వదలదు. వదిలిన ఊపిరి సోడా లైమ్ అనే సున్నపు గింజలు నింపిన డబ్బా గుండా పోతుంది. కార్బన్ డయాక్సైడ్ అక్కడ ఆగిపోతుంది, ఒంట్లో ఖర్చయిన ఆక్సిజన్ మాత్రం సిలిండర్ నుంచి కలుస్తుంది, అదే గాలి తిరిగి నోటికొస్తుంది. గాలి ఒకే వైపు తిరగడానికి రెండు వాల్వులు, ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి సెన్సర్ సెల్స్. థియేటర్లోనూ ఇవే సరుకులు. తేడా ఏమిటంటే థియేటర్లో పేషెంట్ తల దగ్గర మత్తు డాక్టర్ కూర్చుని ఉంటారు, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో గీతగా చూపే క్యాప్నోగ్రాఫ్ తిరుగుతుంటుంది, చేతికందే దూరంలో చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే యాంబూ బ్యాగ్ ఉంటుంది. గుహలో పేషెంటూ డాక్టరూ ఒకడే.

నేను ఒక్కణ్నే చూడటం మంచిది కాదని, రిటైరైన ఒక మత్తు డాక్టర్ గారిని ఇంటికి పిలిచాను. పాతికేళ్లుగా ఆవిడ మెషిన్లు నేనే చూశాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని డబ్బాని అటూ ఇటూ తిప్పి, "ఏమయ్యా, క్యాప్నో ఎక్కడుంది దీనికి?" అన్నారు. లేదు మేడమ్ అన్నాను. "మరి సీఓటూ పెరిగితే ఎలా తెలుస్తుంది?" మా తమ్ముడు చెప్పాడు: ఆయాసం వస్తుంది, తలనొప్పి వస్తుంది, అప్పుడు స్కూబా రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుంటామని. ఆవిడ ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం ఆ జవాబులో ఉన్న కంత కనపడుతోంది. కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగిన మనిషికి ఊపిరి ఎంత వేగంగా వస్తుందంటే, ఒక మౌత్‌పీస్ తీసి ఇంకొకటి పెట్టుకునే ఆ ఒక్క క్షణం కూడా ఊపిరి బిగపట్టలేడు. ఆ స్థితిలో చేతిలో రెగ్యులేటర్ ఉండి కూడా మార్చుకోలేకపోవచ్చు.

ముందు వాల్వులు చూశాం. మౌత్‌పీస్‌కి అటొకటి ఇటొకటి, పల్చటి సిలికాన్ బిళ్లలు. ఒక వైపు పైపు మూసి ఊదితే ఆగాలి, పీలిస్తే రావాలి, లేదా దానికి తిరగేసి. ఊదినప్పుడు ఆగింది. కానీ నెమ్మదిగా, పడుకున్న మనిషి వదిలినంత మెల్లగా ఊదితే, గాలి వెనక్కి జారుతోంది. టార్చి వేసి భూతద్దంలో చూస్తే కారణం దొరికింది. బిళ్ల కూర్చునే పీట త్రీడీ ప్రింట్. ప్లాస్టిక్ పొరలు పొరలుగా పేరుస్తాడు కదా, ఆ గీతలు పీట మీద వేలిముద్ర గీతల్లా కనపడుతున్నాయి. ఒకచోట గీత కాస్త లేచి, బిళ్ల అంచు అక్కడ ఆనడం లేదు. సబ్బు నీళ్లు రాస్తే అదే చోట సన్నటి బుడగలు. జోరుగా ఊపిరి తీస్తే ఒత్తిడికి బిళ్ల అతుక్కుంటుంది, మెల్లగా తీస్తే అతుక్కోదు. పూల్‌లో చేతులూ కాళ్లూ ఆడిస్తూ జోరుగా ఊపిరి పీల్చినవాడికి అది తెలిసే అవకాశమే లేదు. థియేటర్లో వాల్వు ఇలా కారితే పేషెంట్ తన ఊపిరినే తను మళ్లీ పీలుస్తాడు, సోడా లైమ్ ఎంత కొత్తదైనా.

లీకేజీ పరీక్షకి నా దగ్గర ఖరీదైన గేజీలున్నా, సెలైన్ పైపుని U ఆకారంలో చెక్కకి బిగించి రంగునీళ్లు పోసిన గొట్టమే వాడాను. దాన్ని కాలిబ్రేట్ చేయక్కర్లేదు, అబద్ధం చెప్పదు. సర్క్యూట్‌లో గాలి నింపి మూసి, నీటిమట్టం చూస్తూ కూర్చున్నాం. లోపలి నుంచి ఒత్తిడి పెట్టినప్పుడు నిలబడింది. గాలి లాగి చూసినప్పుడు మాత్రం మెల్లగా జారింది, అంటే బయటి నుంచి లోపలికి వస్తోంది. నీళ్లలో అయితే వచ్చేది గాలి కాదు, నీళ్లు. సోడా లైమ్‌లోకి నీళ్లు చేరితే క్షారం కరిగి నోట్లోకొస్తుంది, నోరూ గొంతూ కాలతాయి. కారుతున్నది సెల్స్ వైర్లు బయటికొచ్చే చోటు. అక్కడ ఏదో గమ్ పోశాడు, అది ప్లాస్టిక్‌ని పట్టుకోలేదు.

సోడా లైమ్ డబ్బా పరీక్షకే ఎక్కువ శ్రమ పడ్డాం, చెప్పుకోదగ్గదీ అదే. హాస్పిటల్ సామాను దేన్నీ దీనికి వాడలేదు. స్పేర్ల కోసం నేను తుక్కు కింద కొన్న పాత వెంటిలేటర్ ఒకటి షెడ్‌లో ఉంది, దాన్ని ఊపిరితిత్తుల స్థానంలో పెట్టాను. కార్బన్ డయాక్సైడ్‌కి సోడా షాపు వాళ్లు వాడే సిలిండరే. గోలీసోడా ఊళ్లో ఇదొక సుఖం, అడిగితే పక్క వీధిలో దొరుకుతుంది. లోపలికి పోయే గాలిలో ఎంత మిగులుతోందో చూడటానికి నా సొంత క్యాప్నోగ్రాఫ్.

యూరప్‌లో ఈ పరికరాలకి EN 14143 అనే ప్రమాణం ఉంది. నిమిషానికి 40 లీటర్ల ఊపిరి, అందులో 1.6 లీటర్ల కార్బన్ డయాక్సైడ్, 4 డిగ్రీల చన్నీళ్లు, 40 మీటర్ల లోతుకి సమానమైన ఒత్తిడి. అలా నడుపుతూ లోపలికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ 5 మిల్లీబార్లకి చేరేదాకా ఎంతసేపు పట్టిందో చూస్తారు. నా తుక్కు వెంటిలేటర్ అంత తోయలేదు. సగమే పెట్టాను: 20 లీటర్ల ఊపిరి, 0.8 లీటర్ల గ్యాస్. ఒత్తిడి పెట్టే ఛాంబర్ లేదు. చల్లదనం కోసం ఐస్ ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి డ్రమ్ములో వేశాం. ఇంకో తేడా కూడా ఉంది. డైవింగులో వాడే సోడా లైమ్ గింజ సన్నం, మా మెడికల్ రకం లావు. కాబట్టి ఎన్ని గంటలు నడుస్తుందో ఈ పరీక్ష చెప్పదని తమ్ముడికి ముందే చెప్పాను. తప్పు ఉంటే చూపించగలదు, తప్పే లేదని మాత్రం హామీ ఇవ్వలేదు. ఈ తేడా ఒప్పుకోకుండా మొదలుపెడితే చివరికి ఎవరికి నచ్చినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు.

డబ్బాని నిలువుగా పెట్టి నడిపితే స్క్రీన్ మీద గీత సున్నాని అంటుకునే ఉంది. గంట దాటినా అంతే. మా వాడి మొహం వెలిగింది, స్నేహితుడికి ఫొటో కూడా పంపేశాడు.

"ఇది నువ్వు ఎలా కట్టుకుంటావు?" అని అడిగాను.

"అడ్డంగా, పక్కకి."

"మరి నిలువుగా ఎందుకు చూస్తున్నాం?"

కొత్త సోడా లైమ్ నింపి, మూత బిగించి, నా స్కూటీ ముందు పెట్టుకుని ఇన్నర్ రింగ్ రోడ్డు చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చాను. ఊరికే కాదు. వాళ్లు స్ప్రింగ్ దగ్గరికి వెళ్లేది ట్రక్కులో, మట్టి రోడ్డు మీద. తెచ్చి ఐసునీళ్లలో ఈసారి అడ్డంగా పడుకోబెట్టాం. మొదట కాసేపు సున్నాయే. తర్వాత గీత కింది అంచు లేవడం మొదలైంది. మత్తు మెషిన్లు చూసేవాళ్లకి ఆ దృశ్యం బాగా తెలుసు: పీల్చేటప్పుడు సున్నాకి పడాల్సిన గీత పడకుండా పైనే ఆగిపోవడం. ఒకటి, రెండు, మూడు మిల్లీమీటర్లు, పావుగంట తిరిగేలోపు ఐదు దాటింది. ప్రమాణంలోని 5 మిల్లీబార్లంటే పాదరసం లెక్కలో 4 మిల్లీమీటర్ల కంటే తక్కువే. ఇదంతా సగం లోడ్ మీద, ఒత్తిడి లేకుండా.

ఆపి మూత విప్పాం. మెడికల్ సోడా లైమ్ పని అయిపోయినచోట తెలుపు నుంచి ఊదారంగుకి మారుతుంది. డబ్బాలో పై వైపు గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలు పట్టేంత ఖాళీ, దాని కింద సన్నటి ఊదారంగు చార. మిగతా సరుకంతా తెల్లగా, ముట్టనట్టే ఉంది. కుదిపితే బస్తాలో బియ్యం దిగినట్టు గింజలు సర్దుకుని దిగాయి, అడ్డంగా పెట్టేసరికి ఆ ఖాళీ పైకొచ్చింది. గాలి కష్టపడి గింజల మధ్య నుంచి ఎందుకు పోతుంది, ఖాళీ దారి ఉండగా? మంచి కంపెనీల డబ్బాల్లో స్ప్రింగుతో ఒక జల్లెడ పళ్లెం గింజల్ని ఎప్పుడూ నొక్కి ఉంచుతుంది, లేదా డబ్బా ఆకారమే వేరుగా ఉంటుంది. ఇతను ఒక స్పాంజి ముక్క పెట్టి వదిలేశాడు. స్పాంజి తడిసి నలిగిపోయింది.

పూల్‌లో ఎందుకు తేలలేదంటే, ఇంటి దగ్గరే నింపి, నిలబడి కట్టుకుని, నాలుగడుగుల నీళ్లలో మునిగాడు. మెషిన్ చెడిపోవడానికి పూల్ దానికి అవకాశమే ఇవ్వలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మూడు ఆక్సిజన్ సెల్స్ ఉన్నాయి, మూడూ ఒకే నెలలో తయారైనవి. గాలిలో 10 మిల్లీవోల్టులు ఇచ్చే సెల్, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో 48 దాకా ఇవ్వాలి. రెండు ఇచ్చాయి, ఒకటి 39 దగ్గర ఆగింది. ముసలి సెల్స్ అలాగే ఒక హద్దు దగ్గర ఆగిపోతాయి, అసలు ఆక్సిజన్ ఎంత పెరిగినా. ఆక్సిజన్ ఎంత కలపాలో నిర్ణయించే కంట్రోలర్ మూడింటిలో రెండు ఏం చెబితే అదే నమ్ముతుంది. ఒకే వయసు సెల్స్ ఒకేసారి ముసలివైతే, రెండు అబద్ధాలు కలిసి ఒక నిజాన్ని ఓడిస్తాయి. మెషిన్ ఇంకా ఆక్సిజన్ పోస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే పీల్చే గ్యాస్‌లో ఆక్సిజన్ ఒక్కదాని ఒత్తిడి, 1.6 బార్లు దాటి పోయిందంటే నీళ్లలో ఫిట్స్ వచ్చే ప్రమాదం. ఫిట్స్ వస్తే నోట్లో మౌత్‌పీస్ ఉండదు. డిస్‌ప్లేకీ ఆక్సిజన్ వదిలే సోలెనాయిడ్ వాల్వుకీ కలిపి ఒకటే బ్యాటరీ. అది పోతే ఆక్సిజన్ ఆగుతుంది, ఆగిందని చెప్పే స్క్రీనూ ఆరిపోతుంది. ఆక్సిజన్ రెగ్యులేటర్ ఓ-రింగులకి మామూలు సిలికాన్ గ్రీజు పూశాడు. ఆక్సిజన్ సిలిండర్ దగ్గర నూనె, గ్రీజు తగలకూడదని గోడ మీద బోర్డు రాసిపెట్టే చోట పనిచేసేవాణ్ని కదా, దాన్ని ముట్టుకోగానే చేతులు కడుక్కున్నాను.

ఇదంతా తెలుగులో రాసి, వాడి చేత ఇంగ్లిష్‌లో టైప్ చేయించాను. ఆ రాత్రి వాదన జరిగింది.

"నీలాంటి వాళ్లే అందరూ ఉంటే ఎవడూ కొత్తది కనిపెట్టడు అన్నయ్యా. గుహ డైవర్ బిల్ స్టోన్ 1987లో ఫ్లోరిడా వకుల్లా స్ప్రింగ్స్‌లో సొంతంగా చేసిన రీబ్రీదర్‌తో 24 గంటలు నీళ్లలో ఉన్నాడు తెలుసా?"

తెలుసు. వాడు పంపిన వీడియోలు, వ్యాసాలు అన్నీ చూసే కూర్చున్నాను. ఆ మెషిన్‌లో ప్రతి వ్యవస్థా రెండు సెట్లు. ఒకటి పోయినా రెండోదానితో బయటికి రావాలన్నది డిజైన్‌లోనే ఉంది. ఇక్కడ బ్యాటరీయే ఒకటి.

వాడు వదల్లేదు, రిచర్డ్ హారిస్ పేరు ఎత్తాడు. ఆయన ఆస్ట్రేలియా డాక్టర్, మత్తు డాక్టరే. 2023 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని పియర్స్ రిసర్జెన్స్ గుహలో 230 మీటర్ల లోతున రీబ్రీదర్‌లో హైడ్రోజన్ పీల్చాడు. పేలే గ్యాసు అది. ఆక్సిజన్ 4 శాతం కంటే తక్కువ కలిస్తేనే అంటుకోదు. ఇంతకంటే ప్రయోగం ఏముంటుందని వాడి వాదన. కానీ ఆయన హైడ్రోజన్ జోలికి ఎందుకు వెళ్లాడో చూడాలి. లోతుకి వెళ్లేకొద్దీ గ్యాస్ చిక్కబడుతుంది, చిక్కటి గ్యాస్ లాగడానికి ఊపిరితిత్తులకి శ్రమ, కార్బన్ డయాక్సైడ్ ఒంట్లోంచి సరిగా పోదు. గ్యాస్ చిక్కదనం లీటరుకి 5.2 గ్రాములు దాటకపోతే మంచిది, 6.2 ఎట్టి పరిస్థితుల్లో దాటకూడదని ఇప్పుడు చెబుతున్నారు. మామూలు గాలి దాదాపు 30 మీటర్లలోనే మొదటి హద్దుకి వచ్చేస్తుంది. 2005 జనవరిలో దక్షిణాఫ్రికాలో బుష్‌మన్స్ హోల్ అనే నీటి గుహలో డేవ్ షా అనే డైవర్ 270 మీటర్ల లోతున, పదేళ్ల కిందట చనిపోయిన ఒక కుర్రాడి శవాన్ని తీయబోయి చనిపోయాడు. హెల్మెట్ కెమెరాలో ఆయన ఊపిరి చప్పుడంతా రికార్డయింది. శ్రమ, చిక్కటి గ్యాస్, పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడ్ ఆయన్ని తీసుకెళ్లాయి. హారిస్ తేలిక గ్యాస్ వైపు చూసింది ఈ సమస్య తెలిసే. మా వాడి స్నేహితుడి మెషిన్ ఏ సమస్యకి జవాబు? బయట కొనేదానికంటే తక్కువ ఖర్చు అవుతుందన్నది ఒక్కటే నాకు కనపడింది. అది చెడ్డ కారణమేమీ కాదు, కానీ ప్రాణం పణంగా పెట్టేంత కారణమూ కాదు.

హైడ్రోజన్ గురించే ఇంకో మాట కూడా చెప్పాను. స్వీడన్ ఇంజినీర్ ఆర్నె జెట్టర్‌స్ట్రోమ్ 1940లలోనే హైడ్రోజన్‌తో డైవింగ్ చేశాడు. 1945 ఆగస్టులో 160 మీటర్లకి వెళ్లి చనిపోయాడు. గ్యాస్ తప్పు లేదు. పైనున్నవాళ్లు లాగాల్సిన దానికంటే ముందే పైకి లాగేశారు. ప్రయోగం అంటే కొత్త భాగం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న మామూలు పనులు కూడా. స్పాంజి ముక్క, గమ్, గ్రీజు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

వాణ్ని ఆలోచనలో పడేసింది మాత్రం నేను కాదు, డాక్టర్ గారు. థాయ్‌లాండ్‌లో 2018లో థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకున్న సంగతి ఆవిడే తెచ్చారు. కెటమైన్ అనే మత్తుమందు ఇచ్చి పిల్లల్ని స్పృహ లేకుండా నీళ్లలోంచి తెచ్చారు కాబట్టి మత్తు డాక్టర్లందరూ ఆ కేసు వదలకుండా చదివారు. "వానలొస్తున్నాయి, లోపల ఆక్సిజన్ తగ్గుతోంది. అంత తొందరలోనూ ముందు ఏం చేశారో తెలుసా? ఊళ్లో పిల్లల్ని అడిగి, స్విమ్మింగ్ పూల్‌లో వాళ్లకి మాస్కులు కట్టి ప్రాక్టీసు చేశారు. తెలిసిన మాస్కులే. ఎలన్ మస్క్ కొత్తగా చిన్న సబ్‌మెరైన్ చేయించి పంపితే దాన్ని వాడనే లేదు. వాళ్లకి లేని తొందర నీకేం వచ్చింది నాయనా?" అన్నారు. హారిస్ ఆ రక్షణ బృందంలో ఉన్నాడు కాబట్టి మా వాడికి ఎదురు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆ గుహలో జూలై 6న సమాన్ కునాన్ అనే థాయ్ మాజీ నేవీ డైవర్ సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ చనిపోయిన సంగతి మాత్రం వాడే, తక్కువ గొంతుతో, మా పిన్ని లేనప్పుడు చెప్పాడు.

స్నేహితుడితో వీడియో కాల్ అంత తేలిగ్గా జరగలేదు. తెలివైనవాడే, కానీ తన చేతిపని మీద ఎవరైనా వేలు పెడితే నచ్చదు. సోడా లైమ్ రకం వేరు కాబట్టి పరీక్ష చెల్లదన్నాడు. గంటల లెక్క చెల్లదు నిజమే, ఖాళీ మాత్రం గింజ సన్నమైనా వస్తుందన్నాను. మూత విప్పిన వెంటనే తీసిన ఫొటో చూపించాను, ఆ ఊదారంగు చారతో సహా. చాలాసేపు ఫొటోని పెద్దది చేసి చూశాడు. తర్వాత అడిగినవన్నీ మంచి ప్రశ్నలే.

వాల్వు పీట కొత్తది మన ఆటోనగర్‌లోనే అయింది. లేత్ మేస్త్రికి డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క, పాత పీట ఇచ్చి, బిళ్ల ఆనే అంచు నున్నగా రావాలన్నాను. "దేనికండీ ఇది, పంపుకా?" అన్నాడు. మనిషి ఊపిరికి అంటే, టూల్ మార్చి చివరి కోత మళ్లీ పెట్టాడు. మెల్లగా ఊదినా గాలి ఆగింది. స్ప్రింగు పళ్లెం కూడా అక్కడే చేయించాం. దాంతో మళ్లీ స్కూటీ, మళ్లీ ఐసు, మళ్లీ అడ్డంగా. గీత సున్నా దగ్గరే ఉంది.

ఇక్కడ మా వాడు ఓకేనా అన్నాడు. గుంటూరులో నేను చూడగలిగినవి ఓకే అన్నాను. వాడు ఫ్లైట్ ఎక్కేముందు ఒప్పుకున్నవి ఇవి: వేర్వేరు తేదీల సెల్స్, డిస్‌ప్లేకి వేరే బ్యాటరీ, వైర్ల దగ్గర గమ్ బదులు సరైన సీలు. ఆ తర్వాత కూడా తల మీద రాయి లేని చోటే, పూర్తి గ్యాస్‌తో స్కూబా పక్కనే ఉంచుకుని, తోడు మనిషితో. లోతు, చలి రెండూ కలిపిన పరీక్ష మనిషి లేకుండా ఛాంబర్‌లో అయ్యేదాకా గుహ మాటే లేదు. అలాంటి సౌకర్యం నా దగ్గర లేదు, అక్కడే చేయించుకోమన్నాను. అందుకయ్యే ఖర్చు విని స్నేహితుడు ఇంకా ఆలోచిస్తున్నాడట. ఆలోచించనీ. ఈలోపు మెషిన్ మా తమ్ముడి గరాజ్‌లో ఉంది. సెల్స్ మాత్రం తీసి నాకే పంపించేశాడు, నేను అడక్కుండానే.